ఫిల్టరుకి తలంటు

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి సీతారామాంజనేయులుగారు తాను స్నానం చేసి, కారు ఫిల్టరుకి స్నానం చేయించడానికి కూర్చున్నారు.

పోర్టికోలో ప్లాస్టిక్ స్టూలు. స్టూలు ముందు నీలం రంగు టబ్బు. భుజాన తెల్ల తువ్వాలు, నుదుట విభూతి. పక్కన డ్రైవరు ఎల్లారావు ఒక చేత్తో మగ్గు, ఇంకో చేత్తో పాత చీరముక్క పట్టుకుని నిలబడ్డాడు.

"చేతులు కడుక్కున్నావా?"

"కడిగేనండి."

"సబ్బుతో?"

"సబ్బుతోనేనండి."

"అయినా ముట్టుకోకు. మగ్గు మాత్రం అందించు."

ఎల్లారావు మగ్గు అందించాడు. ఇవే చేతులతో వారంలో ఆరు రోజులు పెందుర్తి నుంచి హార్బరుకి, హార్బరు నుంచి పెందుర్తికి ఈ మనిషి ప్రాణాన్ని మోసుకుపోయి మోసుకొస్తున్నాడు. ప్రాణం మీద పనికొచ్చిన చేతులు ఫిల్టరు మీద పనికిరావు. ఇలాంటివి ఎల్లారావు లోపలే నవ్వుకుని లోపలే మింగేస్తాడు. మింగి మింగి పొట్ట పెరగలేదు గానీ, మొహం మీద మాత్రం ఒక అరనవ్వు శాశ్వతంగా ఉండిపోయింది. దాన్ని ఆంజనేయులుగారు వినయం అనుకుంటారు.

మూడు నెలల కింద తెప్పించారు ఈ ఫిల్టరు. అంతకు ముందు అందరి కార్లలాగే అందులోనూ కాగితం ఫిల్టరు ఉండేది. మాసిపోతే తీసి పారేయడం, కొత్తది పెట్టడం. ఇది అలాంటిది కాదు. చుట్టూ ఎర్ర రబ్బరు అంచు, మధ్యలో మడతలు మడతలుగా నూలుగుడ్డ, గుడ్డకి ఇటూ అటూ సన్నటి తీగల వల. కడుక్కుని, ఆరబెట్టుకుని, నూనె రాసి మళ్ళీ పెట్టుకోవచ్చు. కారు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. మొదటిరోజు బానెట్ ఎత్తి, డబ్బా క్లిప్పులు నాలుగూ ఊడదీసి, కాగితందాన్ని తీసి, అంచు ఎక్కడా లేవకుండా నొక్కి దీన్ని కూర్చోబెట్టింది ఎల్లారావే. ఆ ఒక్కరోజుకి అంటుముట్టు లేదు. ఫోన్లో వీడియో చూసిన మర్నాటి నుంచీ ఆంజనేయులుగారే దానికి పూజారి.

ఫిల్టరు మీద మురికి వదిలించే మందు కొట్టారు. పది నిమిషాలు నానాలి. రెండు నిమిషాలు కూడా ఆగలేదు, గొట్టం మూతికి బొటనవేలు అడ్డంపెట్టి నీళ్ళు చిమ్మారు. కిందకి జారిన నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా ఉన్నాయి. ఉండవా మరి? పోయిన ఆదివారమే కడిగారు. అంతకు ముందు ఆదివారమూ కడిగారు. అయినా ఆయన మొహంలో మాత్రం హార్బరు మొత్తం మురికి తానొక్కడే వదిలించిన అలసట కనిపించింది.

వాకింగు చేస్తూ గేటు దగ్గర ఆగారు సన్యాసిరాజుగారు. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన మనిషి, ఎదురింటాయన.

"మళ్ళీ కడుగుతున్నారా సార్?"

"తప్పదు సార్. బొగ్గు ధూళి, ఇనపరజను, మీ ప్లాంటు పొగ. ఇది ఇంజనుకి ఊపిరితిత్తుల్లాంటిది. వీళ్ళకి అప్పగిస్తే ఏమవుతుందో తెలుసు కదా!" అని గడ్డంతో ఎల్లారావుని చూపించారు. వస్తువుని చూపించినట్టు.

"మైలేజీ పెరిగిందా?"

"పెరగాలి మరి," అన్నారు ఆంజనేయులుగారు. పెరిగిందని అనలేదు.

కోడలు జుట్టు ఆరబెట్టుకునే మిషను తెప్పించి పావుగంట వేడిగాలి కొట్టారు. ఆ తర్వాత ఎర్ర నూనె సీసా. మడత మడతకీ ఒక ధార. అయ్యాక మళ్ళీ మొదటి నుంచి ఇంకో ధార. మూడోసారి మొదలుపెట్టేసరికి ఫిల్టరు కింద నుంచి బొట్లు బొట్లుగా నూనె కారింది.

అరుగు మీద గోంగూర ఒలుస్తున్న ఆయన తల్లి జోగమ్మ తలెత్తి చూసింది. "ఒరే ఆంజనేయులూ, నీ కొడుక్కి సిన్నప్పుడు ఒక్కపాలైనా ఇలగ తలంటు పోసినావురా?"

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు. టెక్నికల్ విషయం."

"అదేటో గానీ, నూనె మాత్తరం దండిగా పోసినావు. ఏపుడు ముక్కలాగుంది," అని జోగమ్మ గోంగూరలో పడింది.

*

సోమవారం హార్బరుకి వెళ్తుంటే గోపాలపట్నం దాటగానే కారు ఒకసారి ఎక్కిళ్ళు పెట్టింది. ఎన్ఏడీ వంతెన ఎక్కుతుంటే ఇంకోసారి. స్టీరింగు వెనకాల ఇంజను బొమ్మ ఉన్న పసుప్పచ్చ లైటు వెలిగి, ఆరలేదు.

"బాబుగారూ, నూనె ఎక్కువయ్యిందేమోనండి."

వెనక సీట్లో ఆంజనేయులుగారు పేపరు దించారు. "ఏమన్నావు?"

"ఫిల్టరుకండి. కారతంది కదండి. లోపలికేమైనా వెళ్ళిందేమో..."

"అది ఎక్కడ తయారైందో తెలుసా నీకు? దాంతోపాటు కాగితం ఇచ్చారు. అంతా రాసి ఉంది అందులో, ఇంగ్లీషులో. చదవడం వచ్చా నీకు?"

ఎల్లారావు అరనవ్వు నవ్వి గేరు మార్చాడు. డిగ్రీ రెండేళ్ళు చదివి, మూడో ఏడు ఫీజు కట్టలేక మానేశాడని ఈ అయిదేళ్ళలో ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. అడగని మనిషికి చెప్పడం ఎల్లారావుకి సిగ్గు.

మంగళవారం సాయంత్రం పెట్రోలు బంకులో ఆంజనేయులుగారు మీటరు చూసి, వేళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ చూశారు. లీటరుకి పదిహేను వచ్చే బండి పది ఇస్తోంది. కాలనీ గేటు దగ్గరికి వచ్చాక కారు ఆపమన్నారు. ఇంటిదాకా పోనివ్వలేదు. గేటు చూసే పోతమ్మ కుర్చీలోంచి లేచింది. ఇంకో రెండు కార్ల డ్రైవర్లు అక్కడే బీడీలు కాలుస్తున్నారు. ఆ జాగా కావాలనే ఎంచుకున్నారు ఆయన.

"ఎన్ని లీటర్లు తీస్తున్నావు రోజుకి?"

ఎల్లారావుకి మాట వెంటనే అర్థం కాలేదు. "ఏటండి?"

"పెట్రోలు. నా ట్యాంకులోంచి నీ బండిలోకి. మీ ఊరు పద్మనాభం నుంచి రోజూ మోటారుసైకిలు మీద వస్తావు కదా. గాలితో నడుస్తోందా అది?"

పోతమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. బీడీలు ఆగిపోయాయి.

"బాబుగారూ, పిల్లల మీద ఒట్టు..."

"ఒట్లు పెట్టుకోవడం మీకు అలవాటే. సోమవారం కొత్త డ్రైవరు వస్తాడు. అందాకా తోలు. తోలకపోతే పోలీసులకి చెప్తాను."

ఆ పూట ఎనిమిదింటికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎల్లారావు ఫొటో వచ్చింది. కారు తుడుస్తుండగా ఎప్పుడో తీసినది. కింద అచ్చమైన తెలుగులో, డ్రైవర్లకీ పనివాళ్ళకీ కూడా అర్థమయ్యేలా రాశారు: "ఈ ఎల్లారావు పెట్రోలు దొంగ. ఎవరూ పనిలో పెట్టుకోకండి." ఆ గ్రూపు నుంచి డ్రైవర్ల గ్రూపుకి, అక్కడి నుంచి ఊరికి. ఎల్లారావు ఇంటికి చేరేసరికి ఫొటో అతనికంటే ముందు చేరిపోయింది.

భార్య నూకాలు అన్నం పెట్టింది. మజ్జిగ పోస్తూ అంది, "మా తమ్ముడు పోన్ సేసినాడు మావా. 'అక్కా, బావేటి, ఇలగ?' అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"పోన్ కట్టీసినాను."

డ్రైవరుకి ఉండేది రెండే. ఒకటి లైసెన్సు, రెండోది పేరు. లైసెన్సు పోతే ఆఫీసుకి పోయి తెచ్చుకోవచ్చు.

*

బుధవారం మధ్యాహ్నం ఆంజనేయులుగారిని హార్బరు ఆఫీసులో దింపి, గోపాలపట్నంలో సింహాద్రి షెడ్డుకి కారు పోనిచ్చాడు. సింహాద్రి వరసకి బావ. మెకానిక్కు. నోటికి హద్దు లేదు, చేతికి మాత్రం ఉంది.

బానెట్ ఎత్తి, డబ్బా మూత తీసి ఫిల్టరు పైకెత్తగానే సింహాద్రి వేళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏటి బావా ఇది? ఫిల్టరా, జిలేబీయా?"

"వారం వారం తలంటు పోత్తాడు."

"వారం వారమా!" సింహాద్రి చక్రం మీద కూలబడ్డాడు. "ఓరి నాయనో! మా సింహాద్రప్పన్నకే ఏడాదికోపాలి సందనం ఒలుత్తారు బావా. మీ అయ్యకి ఆదోరం ఆదోరం నిజరూప దర్శనం గావాలేటి?"

ఎల్లారావు నవ్వలేదు. సింహాద్రి కూడా ఆపి, గాలి గొట్టం మీద ఉన్న చిన్న సెన్సారు విప్పాడు. దాని లోపల వెంట్రుకంత తీగ. తీగ మీద ఎర్రటి జిడ్డు.

"సూడు. ఎంత గాలి లోపలికెల్తందో ఇది సూసి సెప్తాది. దాని లెక్కని బట్టే ఇంజను పెట్రోలు పోసుకుంతాది. దీని కంట్లో నూనె పడింది. లెక్క తప్పింది. పెట్రోలు లెక్కా తప్పింది. అంతే. మందు కొడితే అయిదు నిమిషాల పని." స్ప్రే డబ్బా కోసం లేచాడు.

ఎల్లారావు అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఉండు బావా. ముట్టుకోకు."

"ఎందుకు? డబ్బులొద్దులే."

"డబ్బులు కాదు. నువ్వు బాగుసేసినావనుకో, రేప్పొద్దున్నించి మళ్ళీ పదైదు వత్తాది. అతనేటంటాడు? గ్రూపులో పెట్టీసరికి దొంగ బెదిరిపోయి దొంగతనం మానీసినాడంటాడు. బాగుసేత్తే నాను దొంగనే. సెయ్యకపోతే నాను దొంగనే."

సింహాద్రి స్ప్రే డబ్బా కింద పెట్టాడు. కాసేపు తల గోక్కున్నాడు. "అయితే నానొచ్చి సెప్తాను."

"మెకానిక్కూ డ్రైవరూ వాటా పంచుకున్నారంటాడు."

"పోనీ వదిలీ. కొత్తోడొత్తాడు కదా, మైలేజీ అప్పుడూ పదే వత్తాది. ఆడ్ని కూడా దొంగంటాడు. అప్పుడు జనాలకి తెలుస్తాది."

"అప్పుడు ఇద్దరు దొంగలవుతారు బావా. ఒక్కడూ దొర అవ్వడు."

కారు ముందు అరలో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో నాలుగు మడతల కాగితం. వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి ఆంజనేయులుగారు అక్కడ దాచుకున్నది. మడతలు కూడా నలగలేదు. ఎల్లారావు దాన్ని విప్పి, షెడ్డు గడపలో వెలుతురు ఉన్నచోట కూర్చున్నాడు. వేలు పెట్టుకుని, తెలియని మాట దగ్గర వెనక్కి వచ్చి మళ్ళీ చదువుతూ, మొత్తం చదివాడు. ఒక మాట దగ్గర ఆగి, తనలో తాను తల ఊపాడు. మళ్ళీ అదే మడతల్లో మడిచి, అదే కవరులో, అదే అరలో పెట్టాడు.

"ఏటి రాసుంది?" అడిగాడు సింహాద్రి.

"మొత్తం రాసుంది బావా. సదివీవోడే లేడు. నాను సదివితే లాభం లేదు. అతన్చేతే సదివించాలి."

సింహాద్రి ఫిల్టరుని ఉన్నదున్నట్టు, కారే నూనెతోసహా, తిరిగి బిగించాడు. బతుకులో మొదటిసారి ఒక బండిని బాగుచేయకుండా పంపాల్సి రావడం అతనికి మింగుడుపడలేదు. గుడ్డతో బానెట్టయినా తుడిచి పంపాడు.

గురు, శుక్ర, శనివారాలు ఎల్లారావు ఎక్కిళ్ళ కారునే తోలాడు. ట్యాంకు మూతకి కొత్త తాళం వచ్చింది, తాళంచెవి ఆయన జంధ్యానికి వేలాడింది. మైలేజీ తొమ్మిదికి దిగింది. తాళం పెట్టాక కూడా ఎందుకు దిగిందో ఆయన ఆలోచిస్తారేమోనని ఎల్లారావు అద్దంలో చూశాడు. ఆయన ఆలోచించారు. ఆలోచించి, "మారు తాళంచెవి చేయించావన్నమాట!" అన్నారు. అంత పెద్ద బుర్రలో అంత చిన్న దారి ఒక్కటే ఎలా మిగిలిందా అని ఎల్లారావుకి ఆశ్చర్యం వేసింది.

*

ఆదివారం మళ్ళీ టబ్బు, స్టూలు, విభూతి. ఈసారి సన్యాసిరాజుగారు గేటు దాటి లోపలికే వచ్చారు. ఆయన అల్లుడు కొత్త కారు కొన్నాడట. అదే రకం ఫిల్టరు పెట్టించాలని అడగడానికి వచ్చారు. ఆయన వెంట వాకింగు స్నేహితులు ఇంకో ఇద్దరు. జనం వస్తే ఆంజనేయులుగారి గొంతు ఒక మెట్టు ఎక్కుతుంది.

"చూడండి, మందు లోపలి వైపు నుంచి. నీళ్ళూ లోపలి వైపు నుంచే. ఇది సైన్సు. డ్రైవర్లకి ఏం తెలుస్తుంది? వాళ్ళకి తెలిసిందల్లా ట్యాంకు మూత తీయడం." ముగ్గురూ నవ్వబోయి, ఎల్లారావు పక్కనే ఉండడం చూసి దగ్గారు.

కడగడం అయింది, వేడిగాలి అయింది. ఎర్ర నూనె మొదటి చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టుకి సీసా వంచుతుండగా ఎల్లారావు రెండు చేతులతో ప్లాస్టిక్ కవరు పట్టుకుని ముందుకి వచ్చాడు. ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"బాబుగారూ, ఒక్క మనవండి. రేపటి నుంచి కొత్త డ్రైవరొత్తాడు. ఆడికి నాను అన్నీ ఒప్పజెప్పాల. ఈ కాయితంలో ఏటి రాసుందో తమరొక్కపాలి సదివి, తెలుగులో సెప్తే ఆడికి సెప్పి పోతాను. ఈ బాబులకీ పనికొత్తాది."

ఆంజనేయులుగారు కరిగిపోయారు. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పమంటే ఆయన ఆకలి కూడా మరిచిపోతారు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒక వాక్యం ఇంగ్లీషులో, వెంటనే దాని అర్థం, బళ్ళో పంతులులాగా సాగదీసి మొదలుపెట్టారు.

"ఒకటి. ఫిల్టరు మీద పల్చగా పట్టిన దుమ్ము వల్ల... నష్టం లేదు. రెండు. మామూలు వాడకంలో... నలభై వేల కిలోమీటర్లకి..." గొంతు కొంచెం తగ్గింది. "...ఒకసారి శుభ్రం చేస్తే చాలును."

"నలభై వేలా?" అన్నారు సన్యాసిరాజుగారు. "మీరు వారం వారం కదా?"

"అది... విదేశాల్లో. మనకి ధూళి ఎక్కువ. మూడు. నీడలో తనంతట తాను ఆరనివ్వాలి. వేడిగాలి..." చదవడం మానేసి దగ్గారు. "ఇవన్నీ మామూలు సూచనలే." కాగితం మడవబోయారు.

"కింద ఎర్ర అక్షరాల్లో ఏదో పెద్దగా ఉంది సార్," అన్నారు సన్యాసిరాజుగారు మెడ చాచి. ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఎర్ర అక్షరాలు వదలడు. "అది చదవాలి. అసలు చదవాల్సిందే అది."

ఆంజనేయులుగారు ఇంగ్లీషు వాక్యం చదవలేదు. నేరుగా తెలుగులోకి దిగారు. గొంతులో పంతులు పోయాడు.

"నూనె మడతకి ఒక్కసారే. కారేలా పోయకూడదు. ఎక్కువైన నూనె... గాలి సెన్సారు మీద చేరితే... హెచ్చరిక లైటు వెలగడం, బండి కుదుపు... పెట్రోలు..."

ఆగిపోయారు.

ఆయన ఒళ్ళో వంకరగా పెట్టుకున్న ఫిల్టరు నుంచి ఎర్ర నూనె తెల్ల పంచె మీద ఒక్కో బొట్టే పడుతోంది.

"పెట్రోలు ఏటవుతాదండి?" అడిగాడు ఎల్లారావు.

"...ఎక్కువ తాగడం జరుగుతుంది."

"అయితే బాబుగారూ, మన పెట్రోలు ఎవులు తాగినట్టండి?"

గొంతు పెంచలేదు. అరనవ్వు కూడా లేదు. అయిదేళ్ళలో మొదటిసారి ఎల్లారావు మొహం మీద అది లేకపోవడం ఆంజనేయులుగారు చూశారు. చూసి కళ్ళజోడు తీసేశారు.

అరుగు మీంచి జోగమ్మ అంది, "ఏదీ, పైకి సదువు నాయనా. నాకు ఇనపళ్ళేదు."

సన్యాసిరాజుగారు వాచీ చూసుకున్నారు. "మా అల్లుడికి కాగితందే పెట్టిస్తానులెండి," అని బయటికి నడిచారు. వెనకే మిగతా ఇద్దరూ.

వాళ్ళు గేటు దాటేదాకా ఆగి, ఆంజనేయులుగారు పళ్ళ మధ్య నుంచి అన్నారు, "నాకు విడిగా చెప్పి ఉండొచ్చు కదా!"

"సోమారమే సెప్పేనండి. సదవడం వచ్చా నీకు అన్నారు."

ఆయన కాగితం మడతపెట్టబోయారు. వేళ్ళ సందుల్లో ఎర్ర నూనె. ఆ మనిషి ఒక్క క్షణం మరీ చిన్నగా, తడిసిన పిల్లిలా కనిపించాడు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న నవ్వులన్నీ ఈ బొమ్మ మీదా ఖర్చుపెట్టింది అనుకుంటే ఎల్లారావుకి వాటి మీదే విసుగు పుట్టింది.

"సరే, సరే. అయిందేదో అయింది. కొత్తవాణ్ణి రావద్దని చెప్తాను. రేపు ఏడింటికి రా."

ఎల్లారావు జేబులోంచి కారు తాళంచెవి తీసి స్టూలు పక్కన, టబ్బు అంచు మీద పెట్టాడు.

"గ్రూపులో పెట్టింది గ్రూపులోనే తియ్యండి బాబుగారూ. అప్పుడొత్తాను. డిక్కీలో పాత కాయితం ఫిల్టరుంది, గుడ్డలో సుట్టి దాసేను. అది పెట్టుకోండి. సెన్సారు ఎలగ తియ్యాలో సింహాద్రికి తెలుసు."

*

సోమవారం పొద్దున్న ఎల్లారావు పొలంలో ఉన్నాడు. ఊడ్పులు. ఆకుమడిలోంచి నారు కట్టలు మోసి మడిలో విసురుతున్నాడు. నూకాలు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వంగి నాటుతున్నారు. గట్టు మీద చొక్కాలో ఫోను మోగింది. చెయ్యి బురద, మోచేత్తో నొక్కి చెవి దగ్గరికి వంగాడు. కాలనీ గేటు నుంచి పోతమ్మ.

"ఎల్లారావుబాబూ, మీ బాబుగారు తనే తోలుకెల్దామని బయల్దేరినారు. గేటుకాడ మూడుపాల్లు ఆగిపోయింది. నానూ మా ఆయనా తోసినాం. ఓలమ్మ, ఎంత పొగ!"

"గ్రూపులో ఏటైనా పెట్టినారా?"

"పెట్టినారు, పెట్టినారు. రాత్రే పెట్టినారు. రెండు ముక్కలు, ఇంగిలీసులో. మాకేటి తెలుస్తాది? సన్యాసిరాజుబాబు సదివి సెప్పినారు. ఏదో టెక్నికల్ ఇబ్బందంట, డ్రైవరుకి సమ్మందం లేదంట. మీ బాబుగారే నిన్ను రమ్మని అడగమన్నారు. వచ్చీ మరి."

ఎల్లారావు నారుకట్ట కింద పెట్టాడు. "నన్ను దొంగన్నది ఏ బాసలో పెట్టినారు పోతమ్మా?"

"తెలుగులోనే. నాను కూడా సదివేను."

"అయితే ఇదీ తెలుగులోనే పెట్టమను. నువ్వు సదివి, సదివేనని నాకు పోన్ సెయ్యి. అప్పుడొత్తాను."

ఫోను చొక్కాలో పడేసి మడిలోకి దిగాడు. నూకాలు నడుం ఎత్తి, మోచేత్తో చెమట తుడుచుకుంది.

"ఎవులు మావా?"

"ఎవులూ కాదు," అన్నాడు ఎల్లారావు నారుకట్ట విసురుతూ. "సదువుకున్నోడొకడు. రాయడం నేర్సుకుంతన్నాడు."